నలభై సెకన్ల చేతులు

"రెండు రోజులైంది రూబీ. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది."

శాలేమురాజు గది గడప దగ్గర వంగి మూత ఎత్తి చూశాడు. అన్నం గట్టిపడింది. పప్పు మీద పొర కట్టింది. తలుపుకి అవతలి వైపు గడియ.

"ఆ ముక్క నాకెందుకు చెబుతారు? లోపలున్నదానికి చెప్పండి," అంది రూబీ. బడికి వెళ్ళే చీర కట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, చెప్పులు కూడా వేసుకుంది. కాని అరగంట నుంచీ గుమ్మం దాటడం లేదు.

"దెబ్బలాడుకోడానికి మీకు వేరే చోటే దొరకలేదా? దాని తలుపు ముందే ఎందుకర్రా," అంది వరండాలోంచి అతని తల్లి పున్నమ్మ.

దెబ్బలాట మంగళవారం సాయంత్రం నుంచీ నడుస్తూనే ఉంది. మధ్యలో తిండికీ నిద్రకీ ఆగిందంతే.

ఆ సాయంత్రమే హరిచందన సినిమా పంపింది. బాపట్లలో 'కెరటం' అనే ఆడపిల్లల కబడ్డీ జట్టు రాష్ట్రం కప్పు గెలిచిన కథ మీద ఆ అమ్మాయి తీసిన గంటన్నర డాక్యుమెంటరీ. బయటికి వదిలేముందు ఒకసారి చూసుకోండి అంకుల్ అని రాసింది. ఇంట్లో నలుగురూ మంచం మీద కూర్చుని, ఫోను గోడకి ఆనించి చూశారు. యాభై రెండో నిమిషంలో కూతురు హెప్సిబా లేచింది. గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

యాభై రెండో నిమిషంలో ఉన్నవి చేతులు.

ముఖం లేదు. గొంతు మార్చారు. నిమ్మకాయల కుప్ప మీద రెండు చేతులు మాత్రం ఉన్నాయి. కాయని చూడనక్కర్లేకుండా తడిమి, పెద్దవి కుడికి, నడిరకం ఎడమకి, పచ్చడికి పోయేవి ముందుకి తోస్తున్నాయి. వాటి మీదుగా మారిన గొంతు చెబుతోంది: క్యాంపుల్లో కోచ్ తన గదికి పిలిచేవాడని, కాళ్ళ నొప్పులకి మందు రాస్తానని మొదలుపెట్టేవాడని, కాదంటే మర్నాడు ఆట ఆడనిచ్చేవాడు కాదని. మొత్తం నలభై సెకన్లు. ఎడమ చేతి ఉంగరపు వేలు కణుపు దగ్గర వంకర తిరిగి ఉంది.

జిల్లాలో కబడ్డీ చూసే ప్రతివాడికీ ఆ వేలు తెలుసు. పేపర్లో ఫొటో పడింది: కప్పు ఎత్తిన చెయ్యి, కట్టు కట్టిన వేలు, కింద హెప్సిబా పేరు.

ముఖం కనపడకూడదు, గొంతు పోల్చకూడదు అని షరతు పెట్టింది శాలేమురాజే. సినిమావాళ్ళు ఆ రెండూ పొల్లు పోకుండా నిలబెట్టుకున్నారు. చేతుల సంగతి అతను చెప్పలేదు. పైగా, "ఊరికే కుర్చీలో కూర్చోబెడితే మా పిల్ల నోరు విప్పదమ్మా, చేతికి పనివ్వండి," అని కొట్టు వెనక షెడ్డులో కాయలు పోయించింది తనే. తెనాలి నిమ్మకాయల యార్డులో ముప్పై ఏళ్ళుగా, బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టనిదే కాయ కొనని మనిషి. సినిమావాళ్ళిచ్చిన పన్నెండు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని మాత్రం అదే బస్తా మీద పెట్టుకుని, చివరి పేజీ తిప్పి సంతకం చేశాడు.

"ఇవాళ అయిదింటికి హైదరాబాదు పంపేస్తారట. ఆ లోపల ఏదో ఒకటి తేల్చాలి," అన్నాడు.

"తేల్చేదేముంది? తీసెయ్యమనండి."

"తీసేస్తే ఏం మిగులుతుందో చూశావా? కప్పు గెలిచాక మన పిల్ల కోచ్ సార్ మెడ పట్టుకుని నవ్వుతోందే, ఆ బొమ్మ మిగులుతుంది. మూడుసార్లు చూపించారది. చేతులుంటే ఊరంతా ఇది హెప్సీ అంటుంది. చేతులు లేకపోతే సార్ దేవుడు, హెప్సీ సాక్ష్యం అంటుంది. ఎటు తూచినా పిల్లే తరుగుపోతోంది రూబీ."

రూబీ సంచీ కింద పెట్టింది. "ఆయన మా పుట్టింటి చర్చిలో పెద్ద. మా అమ్మ పోతే పెట్టె మోసిన మనిషి. పిల్లని చెయ్యి పట్టుకుని అప్పజెప్పింది నేను. వచ్చే ఆదివారం బాపట్లలో ఏ బెంచీ మీద కూర్చోమంటారు నన్ను?"

"అంటే పిల్ల మాట నమ్మడంలేదా నువ్వు?"

"నమ్మలేదని ఎప్పుడన్నాను? నమ్మాను గనకే దాచమంటున్నాను."

పున్నమ్మ తమలపాకు తొడిమ తుంచడం మానేసి, గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

శాలేమురాజు తలుపుకి దగ్గరగా జరిగాడు. "తల్లీ, నేను బాపట్ల వెళ్తున్నా. ఉంచమనమంటావా, తీసెయ్యమనమంటావా? ఒక్క మాట చెప్పు చాలు."

లోపల మంచం కిర్రుమంది.

"నీ ముక్క ఏం చేస్తారు నాన్నా?" అంది హెప్సిబా. రెండు రోజుల తర్వాత విన్న గొంతు, జలుబు చేసినట్టుంది.

అతను తలుపు మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. చెప్పులు వేసుకున్నాడు.

* * *

తన ముక్క సంగతి అతనికి తెలియక కాదు. బాపట్ల రైల్లో కిటికీ పక్కన కూర్చుని, తెనాలి దాటిన దగ్గర్నుంచీ అదే నెమరేసుకున్నాడు.

చేతుల తర్వాత సినిమాలో కోచ్ అబ్రహాము సార్ వస్తాడు. తెల్ల చొక్కా, మెడలో విజిలు. "పిల్లలన్నాక కోపాలుంటాయి. గట్టిగా శిక్షణ ఇస్తే కొందరికి గిట్టదు. నాకు వాళ్ళంతా కూతుళ్ళే," అంటాడు. ఇసుకలో నడుస్తాడు, జట్టుతో పాట పాడతాడు, పేదపిల్లకి బూట్లు తొడుగుతాడు. అది ఆరు నిమిషాలు. ఆపైన తెర మీద అక్షరాలు: కొన్ని ఆరోపణలు వచ్చాయి, ఏవీ రుజువు కాలేదు. ఆ అక్షరాలు పోగానే శాలేమురాజు.

కొట్టు ముందు కుర్చీ వేసుకుని, మీసం దువ్వుకుని, తనే. "మా అమ్మాయిని సార్ చేతుల్లో పెట్టాం. విరిగిన వేలితో ఫైనల్ ఆడింది. అంత మొండి ధైర్యం ఎవరు నేర్పారంటారు? ఏ తండ్రికైనా ఇంతకన్నా ఏం కావాలండి?"

అది చెప్పింది నిరుడు వేసవిలో. కూతురు నోరు విప్పింది ఈ ఏడాది ఫిబ్రవరిలో. మధ్యలో తొమ్మిది నెలలున్నాయి. సినిమాలో ఆ తొమ్మిది నెలలు లేవు.

* * *

హరిచందన బాపట్ల స్టేషను రోడ్డులో ఒక మేడ మీద గది తీసుకుంది. రెండు కంప్యూటర్లు, కిటికీకి అట్టముక్కలు. ముప్పై ఏళ్ళు ఉండవు. కళ్ళ కింద నలుపు. శాలేమురాజుని చూడగానే లేచి కుర్చీ లాగింది.

"టిఫిన్ చేశారా అంకుల్?"

"అదయిందిలే అమ్మా. ఆ చేతుల బదులు నల్లగా పెట్టెయ్. మాట ఉంచు, బొమ్మ తియ్యి."

"ఇప్పుడు కుదరదండి. సినిమా వదిలే హైదరాబాదు కంపెనీ వాళ్ళు ఓకే చేసేశారు. కావాలంటే కత్తిరించొచ్చు. కొత్తది నేను కలపడానికి లేదు."

"కత్తిరిస్తే నవ్వు ఉంటుంది."

"ఉంటుందండి. ఆ నవ్వు లేకపోతే ఫైనల్ లేదు. ఫైనల్ లేకపోతే సినిమా లేదు."

"మరి నా ముక్క ఎప్పటిదో నీకు తెలుసు కదా. ముందు చెప్పింది తెచ్చి వెనక పెట్టావు."

హరిచందన పెన్ను మూత తీసింది, పెట్టింది. "తేదీ వెయ్యాలన్నాను. తేదీ వేస్తే జనానికి అనుమానం వస్తుందన్నారు. రెండువైపులా చూపించాలి గదా అంకుల్. కేసు లేదు. కాగితం లేదు. మీరే వద్దన్నారు. ఉన్నదాంట్లో నేను పెట్టగలిగింది అంతే."

"రెండువైపులా అంటే ఇటు నలభై సెకన్లు, అటు ఆరు నిమిషాలు, ఆ పైన పిల్ల కన్నతండ్రి. మా యార్డులో ఇట్లాంటి బస్తాలు వస్తాయమ్మా. పైవరసలో మంచికాయ పేర్చి, అడుగున ఉన్నదాన్ని కప్పుతారు. నా కాయే తెచ్చి పైవరసలో పేర్చావు నువ్వు."

ఆమె తల ఎత్తలేదు. "ఆ నలభై సెకన్లు నిలబెట్టడానికి నేను పడింది మీకు తెలీదండి. లాయర్లకి మొదట్నుంచీ అదే తలనొప్పి. అది పోతే వాళ్ళకి పండగ. నేను ఒప్పుకోలేదు. నలభై అన్నా ఉంటే చాలనుకున్నాను."

శాలేమురాజు ఆ మాట విన్నాడు. విన్నాడు గాని పట్టించుకోలేదు. అవతలివాడు దేన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడో తెలిస్తే, బేరం సగం అయినట్టే. ముప్పై ఏళ్ళ యాపారంలో అతను బతికింది ఆ కిటుకు మీదే. ఆ పూట మాత్రం అది అతని తలకెక్కలేదు. బాధలో ఉన్న మనిషి అమ్మకానికి కూర్చోకూడదు.

"ఇంకే దారీ లేదా అమ్మా?"

"ఒకటుంది." హరిచందన ఇప్పుడు తలెత్తింది. "ఒక్కరు చెబితే ఆరోపణ అంటారు. ఇద్దరు చెబితే ఆపాల్సిందే. జట్టులో ఇంకొకళ్ళు పేరు చెప్పి, ముఖం చూపించి మాట్లాడితే, ఫోన్లో తీసి పంపినా చాలు, కంపెనీ సినిమా ఆపుతుంది. మళ్ళీ మొదటినుంచీ కట్టాలి. అప్పుడు మీ ముక్క ఉండదు, నవ్వుకి అర్థం మారుతుంది. కాని హెప్సిబా మాట ఉండాలి. ఇద్దరూ ఉండాలి. అయిదింటిలోపు."

"ఎవరున్నారు?"

"మీకు తెలుసు ఎవరో."

తెలుసు. రేపల్లె స్నేహ. క్యాంపుల్లో హెప్సిబా గదిలోనే ఉండేది. సినిమాలో ముప్పయ్యో నిమిషంలో కెమెరా ముందు చేతులు కట్టుకుని, మా సార్ మాకు దేవుడండి అన్న పిల్ల.

* * *

చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాడు. నగరం అనే ఊరి దగ్గర ఎవరో మినుములు ఎక్కిస్తూ పావుగంట ఆపారు. శాలేమురాజు గడియారం చూసుకోవడం, డ్రైవరు వీపు చూడటం. రేపల్లెలో దిగేసరికి ఒంటిగంటన్నర.

స్నేహ తల్లి బసవమ్మ వాకిట్లో మిషను కుడుతోంది. అతన్ని చూసి తొక్కడం ఆపింది.

"రండన్నయ్యా. ఎండన పడొచ్చారు. మజ్జిగ తెస్తానుండండి."

"స్నేహ ఉందామ్మా?"

"ఉంది. సెలవు పెట్టి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం గదా." గర్వమూ భయమూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. "అబ్రహాము సార్ క్లబ్బులోనే అసిస్టెంటుగా వేయించారు. ఆయన పుణ్యమా అని ఇల్లు గడుస్తోందన్నయ్యా. మీరు దేనికొచ్చారో నాకు తెలుసు. దయుంచి దాన్ని కదపకండి."

"అమ్మా, మజ్జిగ తెస్తానన్నావుగా. తే," అంది లోపల్నుంచి వచ్చిన స్నేహ.

బసవమ్మ కూతురి ముఖం చూసి లోపలికి వెళ్ళింది.

స్నేహ పొడుగ్గా, ఎముకలు తేలి ఉంది. క్లబ్బు టీషర్టు మీద సార్ విజిలుకున్నట్టే నీలం తాడు. వరండా అంచున కూర్చుంది. "సినిమా నాకూ పంపారు బాబాయ్. చూశాను."

"నేనేం అడగడానికి వచ్చానో..."

"తెలుసు. ముందు నేనొకటి అడుగుతా. హెప్సి వేలు ఎట్లా విరిగిందో మీకు తెలుసా?"

"సెమీఫైనల్లో. ఆ హరియాణా పిల్ల మీద పడి..."

"హరియాణా వాళ్ళు స్టేట్ మీట్‌కి ఎందుకొస్తారు బాబాయ్."

శాలేమురాజు ఏడాదిగా యార్డులో పదిమందికి చెప్పిన కథ. ఆ పిల్ల ఊరూ పేరూ కూడా తనే చేర్చుకుని ఉంటాడు. చెప్పేకొద్దీ రుచి పెరిగింది.

"ఫైనల్‌కి ముందురోజు మధ్యాహ్నం," అంది స్నేహ. "సార్ గదిలోంచి బయటికొచ్చేస్తోంది. ఆయన లోపల్నుంచి తలుపు లాగాడు. వేలు సందులో పడింది. నేను వరండాలో బట్టలు ఆరేస్తున్నా. చప్పుడు విన్నాను బాబాయ్. అది ఏడవలేదు. నా వైపు చూసింది. నేను దాని వైపు చూసి, బకెట్టు తీసుకుని కిందికెళ్ళిపోయా."

మిషను మీద గుడ్డ గాలికి కదులుతోంది.

"కట్టు కట్టింది ఆయనే. అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని కట్టాడు. ఆడగలవా తల్లీ అనడిగాడు. సినిమాలో ఉంది చూడండి, అది కూడా."

ఉంది. శాలేమురాజు ఆ చోట కళ్ళు తుడుచుకున్నాడు మంగళవారం సాయంత్రం. కూతురు పక్కనే కూర్చుని ఉంది. విరిగిన వేలితో ఫైనల్ ఆడింది, ఇంకేం కావాలండి అని తన నోటితో తను అన్నది ఆ తర్వాత వచ్చింది. హెప్సిబా లేచింది చేతుల్ని చూసి అనుకున్నాడు ఈ రెండు రోజులూ. చేతుల తర్వాత ఏం వస్తుందో ఆమెకి ముందే తెలుసేమో.

"నాకెందుకు చెప్పలేదది," అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు.

"ఆస్పత్రికొచ్చి మీరేం చేశారు బాబాయ్? ఎక్స్‌రే కాగితం పైకెత్తి అందరికీ చూపించారు. మా పిల్ల మొండిది అని. అంత సంతోషంలో ఉన్న మనిషికి అదేం చెబుతుంది?"

బసవమ్మ మజ్జిగ తెచ్చి పెట్టింది. అతను తాగలేకపోయాడు.

"నువ్వు చెబుతావా అమ్మా?" అన్నాడు. "పేరు పెట్టి, ముఖం చూపించి. అయిదింటిలోపు."

"స్నేహా," అంది బసవమ్మ. అంతే అంది.

స్నేహ మెడలో తాడు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నా ఉద్యోగం పోతుంది. అమ్మ కుట్టే జాకెట్లలో సగం చర్చివాళ్ళవే. అవీ పోతాయి. అది పోనీండి. ఒంటరిగా నిలబడలేను బాబాయ్. హెప్సి అప్పుడు ఒంటరిగా నిలబడింది, దానికి నేనేం చేశానో నాకు తెలుసు. నాకు అలా జరిగితే తట్టుకోలేను. హెప్సి మాట సినిమాలో ఉంటుందా? మధ్యలో తియ్యదు కదా?"

"ఉంటుంది."

"అడిగారా దాన్ని?"

శాలేమురాజుకి తలుపు, గడియ, గట్టిపడిన అన్నం గుర్తొచ్చాయి. "నా కూతురు. నేను చెబుతున్నాగా. ఉంటుంది."

మాట ఇచ్చాడు. సరుకు చూడకుండా రెండోసారి.

స్నేహ అతని ముఖంలోకి కాసేపు చూసింది. "అయితే సరే. మీరు రైలెక్కండి. మీ ఎదురుగా చెప్పలేను. అమ్మని గుడికి పంపించి, తలస్నానం చేసి, చెప్పి పంపిస్తా."

* * *

మూడు నలభైకి రేపల్లెలో రైలు కదిలింది. ఇంటికి ఫోను చేశాడు. పున్నమ్మ ఎత్తింది.

"తలుపు తీసిందిరా రాజూ. అన్నం తింది. రెండుసార్లు పెట్టించుకుంది. రూబీ కూడా బళ్ళోంచి తొందరగా వచ్చేసింది."

"నిజంగానా అమ్మా?"

"అబద్ధం దేనికి? ఇప్పుడే షెడ్డులోకి వెళ్ళింది, కాయలున్నాయని."

స్నేహ మాటా వేలు సంగతీ ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఎదురుగా నిలబడి చెప్పాలి: తల్లీ, నువ్వు ఒక్కదానివే కాదు, వేలు సంగతి నాకు తెలుసు, నన్ను క్షమించు. వేమూరు దాటేదాకా ఆ మూడు మాటలూ ఏ వరసలో చెప్పాలా అని కూర్చుకున్నాడు. క్షమాపణ ముందా, స్నేహ ముందా? క్షమాపణే ముందు అనుకున్నాడు.

* * *

షెడ్డులో నిమ్మవాసన ఘాటుగా ఉంది. హెప్సిబా గోనె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తలదువ్వుకుంది. చేతులు కాయల మీద నడుస్తున్నాయి: కుడికి, ఎడమకి, ముందుకి. రూబీ స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఆమె అతని కళ్ళలోకి చూడలేదు.

"తల్లీ," అన్నాడు శాలేమురాజు. కూర్చుకున్న వరస అంతా పోయింది. "వేలు..."

"అయిపోయింది నాన్నా," అంది హెప్సిబా.

"ఏంటి అయిపోయింది?"

"నువ్వు సంతకం పెట్టిన కాగితం బీరువాలో ఉంది కదా. పన్నెండు పేజీలూ చదివాను. ఆఖర్న కంపెనీ లాయర్ నంబరుంది. చేశాను." కాయ తడిమి ఎడమకి తోసింది. "వాళ్ళకి నలభై సెకన్లు వద్దు. నాకు నేను వద్దు. కుదిరింది."

అతనికి అర్థం కాలేదు. అర్థమైంది. మళ్ళీ అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

"నాకు ఏ ఫిర్యాదూ లేదని రాసిచ్చాను. అమ్మ సాక్షి సంతకం పెట్టింది. ఫొటో తీసి పంపాను, మూడున్నరకి. బదులుగా నేనున్న ప్రతి బొమ్మా తీసేస్తారు. చేతులు, నవ్వు, కప్పు, ఫైనల్లో కూత, అన్నీ. ఫైనల్ గెలిచారని అక్షరాలు వేసుకుంటారట. నీ ముక్క కూడా తీయించాను." మొదటిసారి తలెత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "వాళ్ళు బేరమాడారు నాన్నా, నీ ముక్క బాగుందని. నేను ఒప్పుకోలేదు. ఆ జట్టులో నేను లేను. ఎప్పుడూ లేను. ఇంక ఎవరికీ ఏమీ కనపడదు."

పొద్దున్న మేడ మీద గదిలో తన చెవిన పడి జారిపోయిన కిటుకు అది. కూతురు గడియ వేసుకున్న గదిలో కూర్చుని పట్టుకుంది. తన దగ్గర ఉన్నదంతా ఇచ్చేసి, తన గుర్తు లేకుండా పోవడాన్ని కొనుక్కుంది. యార్డులో ఎవడైనా ఇలా బేరం చేస్తే వాడి తెలివిని నలుగురికీ చెప్పుకునేవాడు శాలేమురాజు.

"నేనే పెట్టానండి సంతకం," అంది రూబీ నెమ్మదిగా. "అడిగింది. ఇన్నాళ్ళకి నన్నొకటి అడిగింది. అన్నం తింటానంది."

అతను బస్తా మీద కూలబడ్డాడు. "స్నేహ," అన్నాడు.

హెప్సిబా చేతులు ఆగలేదు గాని నెమ్మదించాయి. "స్నేహ ఏంటి?"

"రేపల్లె వెళ్ళాను. స్నేహ చెబుతానంది. పేరు పెట్టి. నువ్వుంటేనే అంది." బస్తా మూతి తాడు పట్టుకున్నాడు. "నువ్వుంటావని మాటిచ్చాను."

"నన్నడక్కుండానా?"

"నిన్నడక్కుండానే."

రూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షెడ్డు పైరేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

జేబులో ఫోను మోగింది. స్నేహ. శాలేమురాజు వేలు జారి, స్పీకరు మీద పడింది.

"బాబాయ్, పంపేశాను." ఆ పిల్ల గొంతు పరుగెత్తి వచ్చినట్టుంది. "హరిచందన అక్కకీ పంపాను, మా జట్టు గ్రూపులోనూ పెట్టేశాను, మళ్ళీ వెనక్కి తీసుకునే పిరికితనం రాకుండా. నా పేరు, మా ఊరు, సార్ పేరు, అన్నీ చెప్పాను. హెప్సి వేలు సంగతి చెప్పాను. నేను బకెట్టు తీసుకుని వెళ్ళిపోవడం కూడా చెప్పాను. సార్ అప్పుడే మా అమ్మకి ఫోను చేశాడు. అమ్మ ఏడుస్తోంది. ఫర్వాలేదు, హెప్సి ఉందిగా. ఒకసారి దానికివ్వండి బాబాయ్."

శాలేమురాజు గోడ గడియారం చూశాడు. అయిదు కావడానికి ఆరు నిమిషాలుంది.

అతను ఫోను చాపాడు. హెప్సిబా చేతులు ఆగిపోయాయి. వంకర వేలున్న చేతిలో ఒక కాయ ఉంది. దాన్ని ఏ కుప్పలో వెయ్యాలో తెలియనట్టు పట్టుకుని అలాగే కూర్చుంది.

"హెప్సీ," అంటోంది ఫోన్లో స్నేహ. "ఉన్నావా? హెప్సీ, ఉన్నావా?"